ఎగువ వారి నీరు, దిగువ వారి ఇల్లు

వర్షాకాలంలో మేఘాన్ని చూచి రైతు సంతోషిస్తాడు. హైదరాబాదు తూర్పు భాగాన, దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్బీ నగర్ వరకు విస్తరించిన కాలనీలలో మాత్రం అదే మేఘాన్ని చూచి గృహిణులు బియ్యం డబ్బాను అటక మీదికి ఎక్కిస్తారు. ఇంటి పెద్ద సెల్లారులోని స్కూటరును తీసుకువెళ్లి మెరక వీధిలో నిలిపి వస్తాడు. ఈ వ్యాసం నిమిత్తం మేము కోదండరాంనగర్, సీసలబస్తీ, పీ అండ్ టీ కాలనీ, గడ్డిఅన్నారం ప్రాంతాల వీధులలో తిరిగినప్పుడు అనేక ఇండ్లలో కరెంటు స్విచ్‌బోర్డులు మనిషి తల ఎత్తున కనిపించాయి. కింది గదులలో గడప స్థానంలో రెండడుగుల ఇటుక గోడ కట్టి ఉన్నది. దానిని దాటి లోనికి పోవాలి. ముసలివారు, చిన్నపిల్లలు ఆ గోడను రోజుకు ఎన్నిసార్లు దాటుతారో ఊహించుకోవచ్చు. ఈ ఏర్పాట్లన్నీ 2020 అక్టోబరు నెల నేర్పినవి.

ఆ సంవత్సరం అక్టోబరు 13వ తేదీ ఉదయాన బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం కాకినాడ సమీపంలో తీరం దాటింది. అది తెలంగాణ మీదుగా సాగుతూ ఆ పగలు, ఆ రాత్రి హైదరాబాదుపై కుంభవృష్టి కురిపించింది. వాన అన్నిచోట్లా సమానంగా పడలేదు. నగరపు తూర్పు అంచున ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు, హయత్‌నగర్‌లో దాదాపు 30, సరూర్‌నగర్‌లో 27 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. బేగంపేటలో నమోదైన 19 సెంటీమీటర్లే అక్టోబరు నెలకు శతాబ్ది కాలపు రికార్డు అని వాతావరణ శాఖ ప్రకటించింది. తూర్పున పడినది దానికి ఒకటిన్నర రెట్లు. మన నగరపు నాలాలు గంటకు 2 సెంటీమీటర్ల వర్షాన్ని మించి మోయలేవని ఇంజినీర్లు ఎంతో కాలంగా చెబుతున్నారు. కొన్ని గంటలలోనే ఒక ఋతువులో సగం వాన కురిస్తే ఆ నీరు ఎక్కడికి పోవాలి?

అది ఇండ్లలోనికి వచ్చింది. విజయవాడ జాతీయ రహదారి ఇనాంగూడ వద్ద ఏరుగా మారి, వాహనాలు నీటిలో చిక్కుకున్నాయి. సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లడంతో దిగువ కాలనీల వీధులలో పడవలు తిరిగాయి. మీర్‌పేటలోని మిథిలానగర్, నాగోలులోని అయ్యప్ప కాలనీ మునిగాయి. అదే వరదలో పాతబస్తీ శివార్లలో మైలార్‌దేవ్‌పల్లి పల్లె చెరువు కట్ట తెగి అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందినవారు కొట్టుకుపోయారు. చాంద్రాయణగుట్ట వైపున ఉన్న బండ్లగూడలో ప్రహరీ గోడ కూలి తొమ్మిది మంది మరణించారు. (నాగోలు పక్కన మరో బండ్లగూడ ఉన్నది. ఆ వారం రోజులు రెండు బండ్లగూడల పేర్లూ కలగలిసిపోయి, దూరాన ఉన్న బంధువులు ఎంతగా తల్లడిల్లారో!) నాలుగు రోజులకే, 17వ తేదీ రాత్రి, మళ్లీ భారీ వర్షం కురిసింది. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ నీట మునిగింది. ఒక్క నగరంలోనే ముప్పై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

చనిపోయిన వారి లెక్క పత్రికలలో వచ్చింది. బ్రతికి బయటపడిన కుటుంబాల నష్టానికి అటువంటి లెక్క లేదు. అది కరోనా సంవత్సరమని పాఠకులు గుర్తు చేసుకోవాలి. లాక్‌డౌన్‌తో నెలల తరబడి సంపాదన లేక, అప్పుడప్పుడే పనులు మొదలైన సమయమది. సెప్టెంబరు మొదటి తేదీ నుండి బడి పాఠాలు టీవీలోను, ఫోనులోను సాగుతున్నాయి. కింది అంతస్తులోని ఇంటిలో టీవీ మునిగితే పిల్లల బడి మునిగినట్లే. ఫ్రిజ్‌లో భద్రపరచిన ఇన్సులిన్ పాడైంది. కుట్టు మిషనుతో ఇల్లు నడుపుకొనే స్త్రీ మిషనులోనికి బురద చేరింది. ఆమెకు కుట్టుపని ఇచ్చినవారి బట్టలు కూడా మురుగులో నానాయి. తన నష్టం ఒకటి, ఇతరులకు చెల్లించవలసిన బాకీ మరొకటి! పరుపు ఒకసారి మురుగునీటిలో నానితే ఎండబెట్టి వాడుకొనేందుకు వీలుండదు. వీధుల మొగలలో గుట్టలుగా పడిన పరుపులు, సోఫాలు, తడిసిన పుస్తకాలు కుళ్లి వాసన వేస్తుంటే, వాటి పక్కనే పొయ్యి వెలిగించవలసి వచ్చింది.

స్త్రీల కష్టాన్ని గురించి ఒక మాట చెప్పక తప్పదు. సాధారణంగా ఇది వార్తలలో రాదు. మురుగు కాలువ వెనక్కి తన్నితే మొట్టమొదట నిరుపయోగమయ్యేది మరుగుదొడ్డి. పై అంతస్తువారు దయతలిస్తే వారి ఇంటికి వెళ్లాలి, లేదా చీకటి పడేవరకు ఓర్చుకోవాలి. నెలసరిలో ఉన్నవారు, బాలింతలు, మంచం దిగలేని అత్తగారిని చూసుకొనే కోడళ్లు ఆ మూడు నాలుగు రోజులను ఎట్లా గడిపారో ఏ సహాయ పట్టికలోను నమోదు కాలేదు. పర్దా పాటించే ఇల్లాలికి రక్షణ పడవలో పరాయి మగవారి చేతి ఆసరా తీసుకోవడం కూడ ఒక సంకోచమే. ప్రాణాపాయంలో ధర్మం ఎంత వెసులుబాటు ఇస్తుందో ఇంటి పెద్దలు ముందే తమ ఆడపడుచులకు తెలియజెప్పి ఉంచడం మంచిది. నీరు నడుము దాటిన తరువాత ఆ చర్చకు సమయం చిక్కదు.

ఇంతకూ ఈ నీరు ఎక్కడిది? నగరంలో వరద అనగానే అందరూ మూసీని తలుస్తారు. హిజ్రీ 1326 రమజాన్ నెల ఆరంభంలో, అంటే 1908 సెప్టెంబరు 28న, మూసీ ఉప్పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకున్నది. మృతులు పదిహేను వేల వరకు ఉంటారని అంచనా. పెద్దలు నేటికీ దానిని తుగ్యానీ అంటారు. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకొన్న కథ నగరంలో తెలియని కుటుంబం లేదు. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) నిర్మించబడ్డాయి. కానీ అవి రెండూ నగరానికి పడమట ఉన్నవి. అవి కాపాడేది మూసీ గట్టున ఉన్నవారిని. సరూర్‌నగర్ ఇండ్లలోనికి వచ్చిన నీరు మూసీ నుండి వచ్చినది కాదు. అది మూసీలో కలవడానికి పోతూ, దారి దొరకక నిలిచిపోయిన నీరు. గండిపేట గేట్లు ఎంత చక్కగా మూసి ఉంచినా మీర్‌పేట నీటిని అవి ఆపలేవు.

ఈ ప్రాంతపు నేల తీరును కొంచెం నిదానంగా చూడాలి. దక్షిణాన బాలాపూర్, మీర్‌పేట, జిల్లెలగూడ మెరక ప్రాంతాలు. ఉత్తరాన మూసీ. మధ్యలో నేల మెట్లు మెట్లుగా దిగుతుంది. పూర్వం ప్రతి మెట్టు దగ్గర ఒక చెరువో కుంటో ఉండేది. మీర్‌పేటలో మంత్రాల చెరువు, పెద్ద చెరువు, సంద చెరువు; వాటికి దిగువన కర్మన్‌ఘాట్, బైరామల్‌గూడ పక్కలు; వీటన్నిటి నీరు చేరే పెద్ద పాత్ర సరూర్‌నగర్ చెరువు. గొలుసుకట్టు చెరువులు అనే మాట తెలంగాణ పల్లెలలో పుట్టినవారికి వివరించవలసిన పనిలేదు. పై చెరువు నిండి అలుగు దుంకితే ఆ నీరు కాలువ పట్టి కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే మరొక దానికి. చివరి చెరువు అలుగు నీరు వాగై నదిలో కలుస్తుంది. కట్ట నీటిని ఆపుతుంది, తూము పొలానికి ఇస్తుంది, అలుగు మిగిలినదానిని పంపుతుంది. చెరువు నిండినప్పుడు మాత్రమే నీరు పరచుకొనే అంచు భూమిని శిఖం అంటారు. ఎండాకాలంలో అందులో దోసకాయలు, పుచ్చకాయలు పండించుకొనేవారు. వానాకాలంలో అది నీటిదే. ఎవరూ దానిపై ఇల్లు కట్టేవారు కాదు.

హయాత్ బఖ్షీ బేగం పేరిట వెలసిన హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీల కాలపు మస్జిదు నేటికీ ఉన్నది. ఎత్తైన అరుగు మీద మస్జిదు, చుట్టూ బాటసారుల సరాయి గదులు, సమీపంలో ఏనుగుల బావిగా పేరొందిన పెద్ద బావి. ఆ రోజులలో కట్టడానికి పూనుకొన్నవారు మొదట నీటి సంగతి ఆలోచించారని ఆ ఒక్క చోటు చూచినా అర్థమవుతుంది. ఇప్పటి ఊరి పేర్లు కూడ సంగతి చెబుతూనే ఉన్నాయి. చింతల్‌కుంటలో కుంట ఉన్నది. వనస్థలిపురం పక్కన కప్పల చెరువు ఉన్నది. చింతల్‌కుంట దగ్గర రహదారి మీద ప్రతి వానకూ నీరు నిలుస్తుందని వాహనదారులు విసుక్కుంటారు. అది నిలిచేది తన పాత స్థలంలోనే గదా!

ఎనభైల తరువాత ఇక్కడ పొలాలు ప్లాట్లయినవి. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుండి, కోస్తా నుండి వచ్చిన చిరుద్యోగులు, పాతబస్తీలో ఇరుకైన ఇండ్లు విడిచి వచ్చిన కుటుంబాలు నూరు నూటయాభై గజాల చొప్పున కొనుక్కున్నారు. చిట్టీ పాడి, భార్య నగలు అమ్మి, ఊళ్లోని ఎకరం తెగనమ్మి కొన్న భూమి అది. కొన్ని రిజిస్టరు పత్రాల మీద, కొన్ని కేవలం నోటరీ కాగితం మీద. చూపించినప్పుడు ఎండాకాలం, నేల పొడిగా ఉన్నది, సున్నపు గీతలు తెల్లగా మెరుస్తున్నవి. కొన్నవారు అడగలేదు, అమ్మినవారు చెప్పలేదు. ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం అప్పట్లో వేరు పురపాలికలు. 2007లో గ్రేటర్ హైదరాబాదులో విలీనమైనాయి. మధ్య మధ్య ప్రభుత్వాలు రుసుము తీసుకొని క్రమబద్ధీకరణ పథకాలు ప్రకటించాయి. 2020లో వచ్చిన ఎల్ఆర్ఎస్ కూడ అటువంటిదే. దాని ప్రకటన ఆగస్టు ఆఖరున, వరద అక్టోబరులో. ప్లాటుకు పక్కా పట్టా కోసం దరఖాస్తు కట్టి, ఆ రశీదును వరదలో పోగొట్టుకొన్నవారు ఎందరు ఉన్నారో!

ఇక్కడ అమ్మకందారుని ధర్మాన్ని గురించి మా పాఠకులకు చిరపరిచితమైన ఒక ఉదంతాన్ని ప్రస్తావించక తప్పదు. మదీనా బజారులో దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పుకొన్నాడు. తడిసిన గింజలను జనులకు కనిపించేటట్లు పైననే ఉంచవలసిందని ఆయన మందలించారు. ఆ ఉదంతంలో తడిసినది ఒక బుట్టెడు ధాన్యం. శిఖం భూమిని పొడి భూమిగా చూపి అమ్మినవాడు తడిపినది ఒక కుటుంబపు జీవితాన్ని! ప్లాట్ల వ్యాపారం చేసే సోదరులు మన మధ్యలోను తక్కువేమీ లేరు. నమాజు వేళకు దుకాణం మూసివేసే మనిషి, తాను అమ్ముతున్న ప్లాటు ఎఫ్‌టీఎల్ గీతకు ఇవతలో అవతలో కొనేవారికి చెప్పకుండా ఉండటం మాకు అర్థం కాని విషయం.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు. దానికి వెలుపల కూడ కొంత ఖాళీ విడువాలి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకు తక్కువదానికి 9 మీటర్లు బఫరు. హెచ్ఎండీఏ పరిధిలోని 2,800కు పైబడిన చెరువులలో అనేకం యొక్క హద్దు పటాలు ఆ సంస్థ వెబ్‌సైటులో లభిస్తాయి. ఇల్లు కొనదలచినవారు వకీలుకు చూపించే కాగితాలతో పాటు ఈ పటాన్ని కూడ చూడవలె. సర్వే నెంబరు తెలిస్తే చాలు. అంతకంటె తేలికైన మార్గం మరొకటి ఉన్నది. ఆ వీధిలోని కిరాణా దుకాణదారుని, మస్జిదులోని పాత నమాజీని, పాలు పోసే మనిషిని 2020లో ఇక్కడ నీరు ఎంతవరకు వచ్చిందని అడగాలి. బ్రోకరు సమక్షంలో గాక, ఒంటరిగా వెళ్లి అడగాలి.

ఇప్పుడు అసలు చెప్పదలచిన విషయానికి వస్తాము. ఈ వరదలో నీరు ఆకాశం నుండి పడినది కొంత, పొరుగువారి నుండి వచ్చినది చాలా. ఎగువ చెరువు శిఖంలో ఇండ్లు లేస్తే ఆ చెరువు పట్టవలసిన నీరు కిందికి వస్తుంది. ఎగువ కాలనీ తన మునక తప్పించుకొనేందుకు కాలువ తవ్వించుకొంటే ఆ కాలువ దిగువ కాలనీ నోట తెరుచుకుంటుంది. సరూర్‌నగర్ చెరువు తూము తెరిస్తే కోదండరాంనగర్, సీసలబస్తీ మునుగుతాయి. తెరవకపోతే ఎగువ వీధులలో నీరు తన్నుకుంటుంది. 2020 నాటికి మీర్‌పేట వేరు కార్పొరేషను, సరూర్‌నగర్ గ్రేటర్ హైదరాబాదులోనిది. నీటికి మాత్రం ఆ సరిహద్దు తెలియదు. పై కార్పొరేషను కాలువను వెడల్పు చేసి తన హద్దు దగ్గర ఆపితే, కింది సంస్థ అక్కడి నుండి తన పని మొదలుపెట్టాలి. ఆ రెండు పనుల మధ్య ఎన్ని వానాకాలాలు గడిచిపోతాయో అది మునిగినవారికే తెలుసు.

ఇదే పని ఒక వీధిలోను జరుగుతుంది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారి పాతదానిని తవ్వకుండా దాని మీదనే మరో పొర పోస్తారు. రోడ్డు ఇంటి గడప కంటె ఎత్తవుతుంది. తరువాత కొత్తగా ఇల్లు కట్టేవాడు నాలుగడుగుల మట్టి పోసి పునాది లేపుతాడు. అతనిపై కురిసిన వాన ఇరవై ఏండ్ల కిందట కట్టిన పక్కింటిలోనికి జారుతుంది. అతడు దుర్మార్గుడేమీ కాదు, తన పిల్లల కోసం జాగ్రత్త పడినవాడు. అతని జాగ్రత్త పక్కింటి పిల్లలకు నీరైంది. మేము చూచిన ఒక గల్లీలో మూడు ఇండ్లు వరుసగా ఒకదాని కంటె ఒకటి ఎత్తు. వాటి వయసును ఆ ఎత్తును బట్టే చెప్పవచ్చు. అన్నిటికంటె పాతది, అన్నిటికంటె పల్లంలో ఉన్నది, వితంతువుల ఇల్లో పింఛనుదారు ఇల్లో అయి ఉంటుంది. వారికి మళ్లీ కట్టే శక్తి లేదు గనుక.

నీటి దారి విషయంలో ఎగువవానికి, దిగువవానికి గల హక్కులు మన ధర్మశాస్త్రంలో కొత్తవి కావు. మదీనాలో హర్రా కాలువ నీటి గురించి జుబైర్ (ర)కు, ఒక అన్సారీ సోదరునికి తగవు వచ్చినప్పుడు, ముందుగా తన తోటకు పెట్టుకొని ఆ తరువాత నీటిని పొరుగువానికి వదలవలసిందని దైవప్రవక్త (స) జుబైర్‌కు చెప్పారు. అక్కడ నీరు అందరూ కోరినది. ఇక్కడ నీరు అందరూ తోసివేసేది. సమస్య తలక్రిందులైనా ప్రశ్న అదే: ఎగువన ఉన్నవానికి తన వాటా వరకే హక్కు. ఎండకాలం నీటిలో వాటా ఉన్నట్లే వానకాలం నీటిలోను అతనికి మోయవలసిన వాటా ఉన్నది. ప్రతి ఇంటివారు ఒక ఇంకుడు గుంత తవ్వుకొని తమ డాబా మీద పడిన వానను అందులో దింపితే చిన్న వానలలో వీధికి వచ్చే నీరు కొంత తగ్గుతుంది. 27 సెంటీమీటర్ల వానను ఇంకుడు గుంతలు ఆపుతాయని మేము చెప్పబోము. కానీ డాబా పైపును నేరుగా మురుగు మ్యాన్‌హోల్‌లోనికి కలిపినవాడు మాత్రం దిగువ ఇంటి మరుగుదొడ్డిలో మురుగు పొంగడానికి స్వయంగా కారకుడు. ఈ పని మన ఇండ్లలో ఎన్నిటిలో జరిగి ఉన్నదో ఈ సాయంత్రమే డాబా ఎక్కి చూచుకోవచ్చు.

ప్రభుత్వం ఏమి చేసినది? వరద వచ్చిన వారానికి, అక్టోబరు 19న, బాధిత కుటుంబానికి పదివేల రూపాయల సాయం ప్రకటించి, అందుకు 550 కోట్లు విడుదల చేసింది. డబ్బు చేతికి చేతికి పంచారు. కొందరికి అందింది, కొందరికి సగమే అందిందని, అద్దెకున్నవారికి బదులు యజమాని తీసుకొన్నాడని ఫిర్యాదులు వచ్చాయి. తరువాత మీ సేవ కేంద్రాలలో దరఖాస్తు చేసుకొమ్మన్నారు. నవంబరులో ఆ కేంద్రాల ముందు తెల్లవారుజాము నుండి బారులు తీరిన స్త్రీల దృశ్యం మరచిపోలేనిది. నగరపాలక ఎన్నికలు దగ్గరపడటంతో ఎన్నికల సంఘం 18న దానిని నిలిపివేయించింది. ఒక పరుపు, ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి కొనడానికే పదివేలు చాలవు. అయినా ఆ బారులో నిలిచినవారిని చిన్నచూపు చూచినవారికి ఒక సంగతి చెప్పాలి. ఆ వరుసలో అంతకు ముందు ఏడాది జకాత్ ఇచ్చిన చేతులు కూడ ఉన్నవి.

2021లో నాలాల అభివృద్ధికి ఎస్ఎన్‌డీపీ అనే పథకం వచ్చింది. మొదటి దశకు సుమారు 985 కోట్లు. సరూర్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాలలో బాక్సు డ్రెయిన్లు నిర్మించారు. చేసిన పనిని చేయలేదనడం న్యాయం కాదు. కొన్ని వీధులలో నీరు మునుపటి కంటె త్వరగా దిగిపోతున్నది. కానీ పనులు పూర్తికాక మునుపే 2021 జూలైలో నాగోలు బండ్లగూడలో ఒక్క రాత్రి 20 సెంటీమీటర్లకు పైగా కురిసి అయ్యప్ప కాలనీ మళ్లీ మునిగింది. పాతబస్తీ దక్షిణాన ఉస్మాన్‌నగర్‌లో బుర్హాన్‌ఖాన్ చెరువు నీరు నెలల తరబడి ఇండ్లలో నిలిచే ఉన్నది. 2022 జూలైలో జంట జలాశయాల గేట్లు ఎత్తగా అంబర్‌పేటను దిల్‌సుఖ్‌నగర్‌తో కలిపే మూసారాంబాగ్ వంతెన మూతపడింది. 2025 సెప్టెంబరులో మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషనులోనికే వచ్చింది.

2024లో పరిస్థితి మరొక మలుపు తిరిగింది. జూలైలో హైడ్రా అనే సంస్థ ఏర్పడి చెరువుల ఆక్రమణలను కూల్చడం ప్రారంభించింది. సెప్టెంబరులో మూసీ గర్భంలోని ఇండ్ల సర్వే అంటూ అధికారులు చైతన్యపురి, ఫణిగిరి కాలనీ, సత్యానగర్, కొత్తపేట వైపు వచ్చి గోడలపై ఎర్రటి ఆర్‌బీ–ఎక్స్ గుర్తులు వేశారు. స్త్రీలు వీధులలోనికి వచ్చి ఏడ్చారు, అడ్డుకున్నారు. వారి వాదన సూటిగా ఉన్నది: రిజిస్ట్రేషను చేసినది మీరు, ఇంటి నెంబరు ఇచ్చినది మీరు, పన్ను తీసుకొన్నది మీరు, నల్లా కరెంటు ఇచ్చినది మీరు, నేడు ఆక్రమణదారులము మేమా? దీనికి జవాబు చెప్పగలిగినవారెవరూ మాకు కనబడలేదు. నీటికి దారి ఇవ్వవలసిందే. ఆ దారిని అమ్ముకొని లాభపడినవారు ఎవరూ ఆ ఎర్ర గుర్తు వేయించుకోలేదు. దిగువన మిగిలి ఉన్న కుటుంబమే రెండుసార్లు మునుగుతున్నది, ఒకసారి నీటిలో, ఒకసారి బుల్డోజరు కింద. ఇల్లు తీసివేయక తప్పదంటే ముందు మరొక ఇంటి తాళం చేతిలో పెట్టాలి. అదీ పిల్లల బడికి, పనికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో. ఈ క్రమం తారుమారైతే దానిని మేము సంస్కరణ అనలేము.

ఈ కథ మన ఒక్క ఊరిది కాదు. 2005 జూలై 26న ముంబయిలో ఒక్క రోజు 94 సెంటీమీటర్లు కురిసింది. 2015లో చెన్నై మునిగింది. 2024 సెప్టెంబరు ఆరంభంలో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఇండ్లను ముంచినవి. ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెనపై చిక్కుకొన్న తొమ్మిది మందిని హర్యానా నుండి బ్రతుకుతెరువుకు వచ్చిన ఒక ముస్లిం సోదరుడు తన జేసీబీని వరదలోనికి నడిపి తీసుకువచ్చాడు. అదే ఏడాది జూలైలో ఢిల్లీ రాజేందర్‌నగర్‌లోని ఒక కోచింగ్ కేంద్రపు సెల్లారులోనికి వాననీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు మరణించారు. దిల్‌సుఖ్‌నగర్ కూడ కోచింగ్ కేంద్రాలకు, హాస్టళ్లకు ప్రసిద్ధి. బిడ్డను అక్కడ చేర్పించే తల్లిదండ్రులు ఫీజు, భోజనం గురించి ఎన్నో ప్రశ్నలు అడుగుతారు. చదువుకొనే గది నేల మట్టానికి పైన ఉన్నదా, కింద ఉన్నదా అన్నది కూడ అడగాలి. కిందనే అయితే అక్కడ చేర్చకుండా ఉండటమే మేలు.

ఇంటి విషయంలో కొన్ని జాగ్రత్తలు. మునిగినవారి అనుభవం నుండి తీసుకొన్నవే ఇవి. ఆధార్, ఇంటి పత్రాలు, నికాహ్‌నామా, పిల్లల సర్టిఫికెట్లు గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తలుపు పక్కన ఎత్తులో వ్రేలాడదీయాలి. వాటి ఫోటోలు మరో ఊరిలోని బంధువు ఫోనులో కూడ ఉండాలి. నీరు గడప దాటుతుంటే ముందుగా మెయిన్ స్విచ్ కట్టివేయాలి, తరువాతనే సామాను సంగతి. మునిగిన బండిని నీరు తీసిన వెంటనే స్టార్టు చేయరాదు. ఇంజను లోనికి నీరు లాగుతుంది. వరద దిగిన తరువాత సంపును రెండుసార్లు తోడి, కడిగి, బ్లీచింగ్ పొడి వేయించక ముందు ఆ నీటితో వుజూ కూడ చేయకపోవడమే మేలు. ఆ నీటిలో కలిసినది మురుగు. మందుల పెట్టె, పసివాని పాలడబ్బా పై అంతస్తువారి దగ్గర ముందే ఉంచి రావాలి. ఇందుకోసం పై అంతస్తువారితో మంచిగా ఉండాలి గదా అని నవ్వవచ్చు. నిజమే, వానాకాలానికి ముందే ఆ సంబంధం ఉండాలి.

2020లో ఆ సంబంధం ఉన్న వీధులకు, లేని వీధులకు తేడా స్పష్టంగా కనిపించింది. నగరమంతటా మస్జిదులు, ఫంక్షన్ హాళ్లు, పాఠశాలలు తెరుచుకున్నాయి. డేగిషాలలో వండిన అన్నం ట్రాక్టరు ట్యూబుల మీద తేలుతూ వీధి చివరి ఇండ్లకు చేరింది. ఎవరు వండారు, ఎవరు తిన్నారు అన్న పట్టింపు ఆ వారం రోజులు కనిపించలేదు. అయితే అన్నం పంపడం మొదటి వారపు పని. మూడవ వారానికి కావలసినది బురద ఎత్తే మనుషులు, పారలు, మందులు, ఒక ఎలక్ట్రీషియన్. సహాయ కమిటీలు సాధారణంగా ఆ సమయానికి ఇంటికి వెళ్లిపోతాయి. ఇకముందు ఏ మొహల్లా కమిటీ అయినా వరద నిధి కోసం చందాలు పోగుచేస్తే అందులో సగం మొదటి పది రోజులు ముట్టకుండా ఉంచితే బాగుంటుంది.

ఈ వానాకాలానికి ముందు కూడ నాలాల పూడిక తీశారు. తీసిన మట్టిని కొన్నిచోట్ల గట్టు మీదనే గుట్టలుగా పోసి వెళ్లారు. తొలి వానకు అందులో కొంత మళ్లీ నాలాలోనికి జారింది. కోదండరాంనగర్ వైపు కింది అంతస్తు పోర్షన్లకు ‘టు లెట్’ బోర్డులు చాలా వ్రేలాడుతున్నాయి. పై అంతస్తు కంటె అద్దె తక్కువ. పాతవారు ఖాళీ చేసి వెళ్తే ఏ వరదనూ చూడని కొత్త కుటుంబాలు జిల్లాల నుండి వచ్చి చేరుతున్నాయి. మేము ఒక చోట నిలబడి ఉండగా ఇల్లు చూడటానికి వచ్చిన దంపతులు యజమానిని మొదట అడిగిన ప్రశ్న, ఇంట్లోకి నీళ్లు వస్తాయా అని. కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని, సంపు పెద్దదని యజమాని సంతోషంగా చెప్పాడు. గోడకు కొత్త సున్నం వేసి ఉన్నది. స్విచ్‌బోర్డు తల ఎత్తున ఉన్నది.